ఇల్లు మారేటప్పుడు ఎవరిని నమ్మాలి: తెలిసిన లారీనా, పేరున్న ప్యాకర్స్‌నా?

మధురవాడ నుంచి:
ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయింది. శ్రావణంలో విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్తున్నాం. డబుల్ బెడ్‌రూమ్ సామాను. ముగ్గురిని అడిగితే 19,000, 26,000, 34,000 చెప్పారు. మామయ్యగారేమో "ఆటోనగర్‌లో మనకు తెలిసిన లారీ ఉండగా కంపెనీలు దేనికమ్మా" అంటున్నారు. ఆఫీసులో వాళ్ళు నెట్‌లో స్టార్లు చూసి ఇవ్వమంటున్నారు. అత్తగారి పెళ్ళినాటి టేకు మంచం ఉంది, నా టెన్షనంతా దాని గురించే.

అక్కయ్యపాలెం నుంచి:
మీ మామయ్యగారి మాటే నాదీ. నాలుగు ఇళ్ళు మారాను. ప్రతిసారీ అదే లారీ, అవే కళాసీలు. ఓనరు ఇల్లు నాకు తెలుసు. గ్లాసు పగిలినా పొద్దున్నే వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడగలను. స్టార్లు ఇచ్చినవాళ్ళు వచ్చి నిలబడతారా?

గాజువాక నుంచి:
సగం ఒప్పుకుంటానండీ. స్టార్ల సంగతి నిజమే. కానీ ఊరు దాటాక ముఖపరిచయం ఒక్కటే సరిపోదు. నిరుడు మేం విజయవాడ నుంచి ఇక్కడికి వచ్చాం. స్టార్లు చూసి, అందరికన్నా తక్కువ చెప్పినవాళ్ళకి ఇచ్చాను. ఇంటికొచ్చి చూడలేదు, ఫోన్‌లోనే లెక్క కట్టేశారు. సామాను ఎక్కించిన సాయంత్రం ఫోన్: "సార్, సామాను ఎక్కువుంది, ఇంకో 12,000 వేస్తేనే బండి కదుల్తుంది." మర్నాడు ఇక్కడ పాలు పొంగించే ముహూర్తం. వేశాను.

దింపాక చూస్తే బీరువా తలుపు లోపలికి సొట్టపోయి, తాళం తిరగట్లేదు. అడిగితే నా సంతకమున్న సామాను లిస్టు తీసి చూపించారు. ప్రతి వస్తువు ఎదురుగా ఒకటే మాట: "పాత గీతలు, సొట్టలు ఉన్నవి". రెండు నెలల కిందట కొన్న ఫ్రిజ్‌కి కూడా అదే. ఎక్కించే హడావిడిలో చదవకుండా సంతకం పెట్టాను. ఆ లిస్టు ప్రతి లైనూ చదవండి, తప్పు రాస్తే అక్కడే కొట్టేయించండి. మంచం విప్పకముందే కోళ్ళు, తలాపు చెక్క ఫోటోలు తీసుకోండి.

అందుకే నేనిప్పుడు లారీనా, కంపెనీనా అని చూడను, చేతికి ఏ కాగితం ఇస్తున్నారో చూస్తాను. మనిషి ఇంటికొచ్చి, అటక మీద సామాను కూడా చూసి, ప్యాకింగ్, మెట్లు, టోలు, దింపుడు అన్నీ కలిపి ఒకే రేటు రాసివ్వాలి. దాని మీదున్న జీఎస్‌టీ నంబరు జీఎస్‌టీ వెబ్‌సైట్‌లో కొట్టండి. అసలు పేరు, ఎప్పుడు రిజిస్టరయ్యారో కనిపిస్తాయి. మన ఆంధ్రప్రదేశ్ నంబరు 37తో మొదలవుతుంది. విశాఖలోనే ఆఫీసంటూ వేరే రాష్ట్రం నంబరిస్తే, ఆ ఆఫీసు కళ్ళతో చూశాకే అడ్వాన్సు. అది కూడా కంపెనీ ఖాతాకే, ఎవరో సూపర్‌వైజర్ ఫోన్‌పేకి వద్దు.

సీతమ్మధార నుంచి:
ఊళ్ళో మారేవాళ్ళకి ఇంత అక్కర్లేదు. కంచరపాలెం నుంచి టాటా ఏస్‌లో రెండు ట్రిప్పులు, బండి వెనకే స్కూటర్ మీద నేను. అయిపోయింది. కానీ ఇన్సూరెన్స్ అని సామాను విలువలో 3 శాతం అడుగుతారు కదా, దూరం వెళ్ళేవాళ్ళు కట్టాలా?

గాజువాక నుంచి:
బీమా కంపెనీ పేరు, పాలసీ నంబరు ఉన్న కాగితం చేతికొస్తే కట్టాలి. మూవర్స్ వాళ్ళ సొంత రసీదు మీద "ఇన్సూరెన్స్" అని రాసినంత మాత్రాన అది పాలసీ కాదు. బిల్టీ, అంటే సామాను బుక్ చేసుకున్నట్టు రవాణావాళ్ళు ఇచ్చే రసీదు, అది కూడా తప్పనిసరిగా తీసుకోండి. సామాను విలువ రాసేచోట తక్కువ వేయకండి, నష్టపరిహారం దాన్ని మించి రాదు. 2007 రోడ్డు రవాణా చట్టం ప్రకారం, పోయినా పాడైనా బుక్ చేసిన 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. నేను ఫోన్లలోనే తిరిగి ఆ గడువు పోగొట్టుకున్నాను. 1915కి ఫోన్ చేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్. 2019 వినియోగదారుల చట్టం వచ్చాక మనం ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు.

అక్కయ్యపాలెం నుంచి:
మా లారీ ఆయన ఇంతవరకు బిల్టీ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఈసారి హైదరాబాద్ దాకా అయితే అడుగుతాను.

మధురవాడ నుంచి:
ముగ్గురినీ ఇంటికొచ్చి చూడమన్నాను. 19,000 అన్నతను వాట్సాప్‌లో ఫోటోలు చాలన్నాడు, వద్దనేశాను. 26,000 వాళ్ళ మనిషి నిన్న వచ్చాడు. స్టూలెక్కి అటక చూసి, మంచం కింద దూరి బోల్టులు లెక్కపెట్టి, రేటు 28,500 చేసి సంతకం పెట్టి ఇచ్చాడు. నంబరు 37తోనే ఉంది. మామయ్యగారు రేపు వాళ్ళ ఆఫీసు చూసొస్తానన్నారు.