బావమరిది రిమాండ్‌లో ఉన్నాడు, ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఎవరెవరికి ఇస్తారు? (గుంటూరు)

నల్లపాడు వాసి:
నమస్తే అండీ. మా బావమరిది మిర్చి యార్డులో హమాలీ. స్థలం గొడవ ముదిరి కొట్లాట దాకా పోయింది, హత్యాయత్నం సెక్షన్ పెట్టారు. వాడు ఏ1 (మొదటి నిందితుడు), ఇప్పుడు జైల్లో ఉన్నాడు. వాడి అన్న ఏ2, ముందస్తు బెయిల్ తెచ్చుకున్నాడు. కంపెనీలో పనిచేస్తాడు, నెలకు 35 వేలు. మా అత్తగారిని కూడా ఏ3గా ఇరికించారు, ఆమెకూ ముందస్తు బెయిల్ వచ్చింది. బెయిళ్లకే అప్పు చేశాం, ఇక కేసు నడిపే స్తోమత లేదు. ఇల్లు మామగారి పేరున ఉంది కాబట్టి ఉచిత లాయర్ రాడని ఒకాయన అన్నాడు. బీసీ సర్టిఫికెట్, తెల్ల కార్డు పెడితే వస్తుందని ఇంకొకాయన అన్నాడు. ఏది నమ్మాలి?

అరండల్‌పేట రావు:
తమ్ముడూ, ఉచిత లాయర్లు వాయిదాలకు కూడా సరిగా రారు. ఇది హత్యాయత్నం కేసు. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టైనా మంచి వకీలుని పెట్టుకోండి.

క్రిమినల్ ప్రాక్టీస్ (గుంటూరు కోర్టు):
రావు గారూ, బంగారం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆయన అడిగింది చెబుతాను.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరిదీ తప్పే. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టంలో 12వ సెక్షన్ చూడండి. అక్కడ కుటుంబం లెక్క లేదు, ఇల్లు ఎవరి పేరున ఉందన్న మాటా లేదు. దరఖాస్తు పెట్టిన మనిషి ఎవరు, ఏ స్థితిలో ఉన్నాడు, అతని ఆదాయం ఎంత, అంతే. అందుకే మీ ముగ్గురికీ మూడు జవాబులు వస్తాయి.

ఏ1 జైల్లో ఉన్నాడు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేదు. లక్షాధికారి అయినా అడగొచ్చు. ఏ3 మహిళ. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, దివ్యాంగులకు, పారిశ్రామిక కార్మికులకు కూడా ఆదాయ పరిమితి లేదు. ఆ జాబితాలో బీసీ లేదు, కాబట్టి ఆ సర్టిఫికెట్ వల్ల ఒరిగేదేమీ లేదు. తెల్ల కార్డు కూడా ఆదాయం తక్కువని చూపించడానికి పనికొస్తుంది తప్ప అదే అర్హత కాదు.

చిక్కంతా ఏ2తోనే. బయట ఉన్న మగమనిషి, పై కోవల్లో దేనిలోకీ రాడు అనుకుంటే మిగిలేది ఆదాయం ఒక్కటే. చట్టంలో మొదట రాసింది ఏడాదికి 9 వేలే, దాన్ని పెంచుకునే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. మన రాష్ట్రంలో ఇప్పుడు 3 లక్షలు. నెలకు 35 వేలంటే ఏడాదికి 4 లక్షల 20 వేలు, దాటిపోయింది. ఆయన సొంతంగా పెట్టుకోవాల్సిందే.

కొత్తపేట శ్రీను:
సార్, చిన్న డౌట్. ఏ1కి బెయిల్ వచ్చాక ఏమవుతుంది? అప్పుడు కస్టడీ ఉండదుగా?

క్రిమినల్ ప్రాక్టీస్ (గుంటూరు కోర్టు):
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బయటికొచ్చాక కస్టడీ కారణం పోతుంది, వేరే కారణం చూపాలి. హమాలీ కూలి ఏడాదికి 3 లక్షల లోపు ఉంటుందనే అనుకుంటున్నాను, ఉంటే ఇబ్బంది లేదు. ఆదాయం మీద అఫిడవిట్ ఇస్తే చాలు, దాన్ని అనుమానించడానికి కారణం ఉంటే తప్ప దాన్నే సరిపోయినట్టు తీసుకోవచ్చని 13వ సెక్షన్ చెబుతోంది. అందుకని బెయిల్ వచ్చేదాకా ఆగకండి, ఆదాయం కాగితం ఇప్పుడే తయారు పెట్టుకోండి.

ఇంకో దారి కూడా ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 341వ సెక్షన్ ప్రకారం, నిందితుడికి లాయర్ లేడు, పెట్టుకునే శక్తీ లేదని కోర్టుకు అనిపిస్తే కోర్టే ప్రభుత్వ ఖర్చుతో లాయర్‌ని ఇవ్వాలి. పాత చట్టంలో ఇది ప్రధానంగా సెషన్స్ విచారణలకే ఉండేది. నిందితుడు అడగలేదు కదా అని కోర్టు ఊరుకోకూడదు. సుఖ్‌దాస్ కేసులో 1986లో సుప్రీంకోర్టు ఈ కారణంతోనే శిక్ష కొట్టేసింది.

అరండల్‌పేట రావు:
చట్టం బాగానే ఉంది. ఆ లాయర్ శ్రద్ధగా చేస్తాడా అనేదే నా భయం.

క్రిమినల్ ప్రాక్టీస్ (గుంటూరు కోర్టు):
ఆ భయం ఊరికే పుట్టలేదు, ఒప్పుకుంటాను. పాత పద్ధతిలో ప్యానెల్ లాయర్లు సొంత కేసుల మధ్య ఇవి చూసేవారు, ఫీజు నామమాత్రం. 2022లో వచ్చిన లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ పద్ధతిలో నెల జీతం మీద పూర్తికాలం ఈ కేసులే చూస్తారు, ప్రైవేటు కేసులు తీసుకోకూడదు. మనిషిని బట్టి తేడా ఉంటుంది, ప్రైవేటులో మాత్రం లేదా? నచ్చకపోతే మార్చమని రాతపూర్వకంగా అడగొచ్చు. ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పండి.

ఒక జాగ్రత్త. ఏ1, ఏ3 ఇద్దరికీ ఒకే లాయర్ ఉంటే సరిపోతుందని అనుకోకండి. "నేను కొట్టలేదు, మావాడే కొట్టాడు" అని ఒకరు చెప్పాల్సి వస్తే ఇద్దరికీ ఒకే మనిషి వాదించలేడు. ఆ మాట దరఖాస్తు సమయంలోనే చెప్పి వేరువేరుగా అడగండి.

నల్లపాడు వాసి:
టెన్షన్ కొంచెం తగ్గింది సార్. దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలి? వాడు లోపల ఉన్నాడు కదా, సంతకం ఎలా?

క్రిమినల్ ప్రాక్టీస్ (గుంటూరు కోర్టు):
అత్తగారిని ఆధార్, ఎఫ్ఐఆర్ కాపీ తీసుకుని జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లమనండి. రాయడం రాకపోయినా ఫర్వాలేదు, నోటితో చెబితే అక్కడ రాసుకుంటారు. ఏ1 సంగతి ములాఖత్‌లో చెప్పండి, లీగల్ ఎయిడ్ కావాలని జైలు అధికారికి దరఖాస్తు ఇస్తే వాళ్లే పంపిస్తారు. వెళ్లే ముందు సందేహం ఉంటే 15100కి ఫోన్ చేయొచ్చు.

విజయవాడ నుంచి పద్మ:
మధ్యలో వస్తున్నా, క్షమించండి. మా తమ్ముడికి బెయిల్ ఇచ్చారు, జామీనుదారులు దొరక్క లోపలే ఉన్నాడు. దానికీ లీగల్ ఎయిడ్ పనికొస్తుందా?

క్రిమినల్ ప్రాక్టీస్ (గుంటూరు కోర్టు):
పనికొస్తుంది మేడమ్. బెయిల్ ఇచ్చిన వారంలో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ ఆ సంగతి జిల్లా సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. జామీను షరతు తగ్గించమని పిటిషన్ కూడా వేయొచ్చు. మీరు వేరే పోస్ట్ పెట్టి కేసు సెక్షన్లు, కోర్టు ఎంత మొత్తానికి జామీను అడిగిందో రాయండి, అక్కడ చూస్తాను.