కొత్త సెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కొనాలి, 15 కేవీ (ఎలక్ట్రాన్లని తోసే వోల్టేజ్, కిలోవోల్టుల్లో) టేబుల్‌టాప్ సరిపోతుందా? సల్ఫర్, మాలిబ్డినం విడిపోవట్లేదు

పూతలపరిశోధకుడు:
నమస్తే అండి. మా ల్యాబ్‌కి కొత్త సెమ్ కొనాలి, ఉన్న డబ్బుకి ఒక్క మెషీనే వస్తుంది కాబట్టి తప్పు చేస్తే పదేళ్లు దాంతోనే కూర్చోవాలి. టేబుల్‌టాప్ మోడల్ డెమోకి మా శాంపిలే పట్టుకెళ్ళాం, స్టీల్ మీద మాలిబ్డినం డైసల్ఫైడ్ పూత, మందం ఒక మైక్రాన్ ఉంటుంది. ఇమేజ్ చాలా బాగా వచ్చింది, వాడటం కూడా తేలికే. కానీ ఈడీఎస్‌లో (ఎక్స్‌రేల ఎనర్జీని బట్టి మూలకాల్ని గుర్తుపట్టేది) 2.3 కేఈవీ (కిలో ఎలక్ట్రాన్‌వోల్ట్) దగ్గర ఒకటే పీక్, సాఫ్ట్‌వేర్ ఒక చోట అంతా సల్ఫరే అంటుంది, కాస్త పక్కకి జరిపి మళ్ళీ చూస్తే మాలిబ్డినం ఎక్కువ అంటుంది. డిటెక్టర్ కొత్తదే, లిక్విడ్ నైట్రోజన్ కూడా అక్కర్లేని ఎస్‌డీడీ (సిలికాన్ డ్రిఫ్ట్ డిటెక్టర్). మరి తేడా ఎక్కడ కొడుతోంది?

ఎక్స్‌రే_పీక్:
డిటెక్టర్ తప్పు కాదండి. సల్ఫర్ ఎక్స్‌రే లైన్ కె ఆల్ఫా 2.307 కేఈవీ, మాలిబ్డినం లైన్ ఎల్ ఆల్ఫా 2.293, మధ్యలో ఉన్నది 14 ఈవీ (0.014 కేఈవీ) మాత్రమే. ఎంత మంచి ఎస్‌డీడీ అయినా ఆ ఎనర్జీ దగ్గర పీక్ వెడల్పు 80, 90 ఈవీ ఉంటుంది, ఇంక ఎలా విడిపోతాయి చెప్పండి, సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి పంచుతుంది అంతే, కౌంట్లు తక్కువైతే ఆ పంపకం ప్రతిసారీ మారిపోతుంది.

మాలిబ్డినానికి ఇంకో లైన్ ఉంది, కె ఆల్ఫా, 17.5 కేఈవీ దగ్గర, అక్కడ సల్ఫర్ గొడవే లేదు. కాకపోతే అది పుట్టాలంటే ఎలక్ట్రాన్‌కి 20 కేఈవీ దాటాలి, నిజానికి 25, 30 కేవీ పెడితేగానీ సరిపడా కౌంట్లు రావు. 15 కేవీ దగ్గర ఆగిపోయే మెషీన్‌లో ఆ లైన్ ఎప్పటికీ కనబడదు, రాత్రంతా స్పెక్ట్రమ్ తీసినా అంతే. మీ పని రోజూ ఈ పూతలతోనే అయితే దాన్ని కొనొద్దు అనే చెప్తాను.

రామన్‌వాడు:
పైన చెప్పింది నిజమే, ఒక్క మాట కలుపుతా. 30 కేవీ పెడితే బీమ్ మైక్రాన్ పూత దాటేసి స్టీల్‌లోకి దిగిపోతుంది, ఇనుము పీక్ బలంగా వస్తుంది, మామూలు క్వాంట్ బటన్ మొత్తం ఒకటే పదార్థం అనుకుని శాతాలు ఇస్తుంది కాబట్టి వాటిని పేపర్‌లో పెట్టొద్దు, పలుచని పూతలకి లెక్క వేరు. మాలిబ్డినం ఉందా లేదా అని తేల్చుకోడానికి మాత్రం వాడుకోండి. ఇంకోటి, ఈడీఎస్ మూలకాల్నే చెప్తుంది, అది డైసల్ఫైడేనా, అరిగి వేడెక్కి ఆక్సైడ్ అయిపోయిందా అన్నది చెప్పలేదు. దానికి రామన్ (లేజర్ కాంతి చెదిరే తీరుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే పద్ధతి) ఉంది, 383, 408 సెం.మీ⁻¹ దగ్గర రెండు పీక్‌లు వస్తే డైసల్ఫైడే.

పూతలపరిశోధకుడు:
చాలా థాంక్స్ ఇద్దరికీ, నెల రోజులుగా శాంపిల్ తయారీలోనే తప్పుందనుకుని మళ్ళీ మళ్ళీ పూత వేయిస్తున్నాం. డబ్ల్యూడీఎస్ (ఎక్స్‌రేల్ని తరంగదైర్ఘ్యాన్ని బట్టి విడదీసే స్పెక్ట్రోమీటర్) పెట్టించుకుంటే ఈ రెండూ విడిపోతాయని ఒకరన్నారు, అది అడగమంటారా?

ఎక్స్‌రే_పీక్:
విడిపోతాయండి, దాని రిజల్యూషన్ కొన్ని ఈవీలే. కానీ ఒక స్పెక్ట్రోమీటర్ ఒకసారి ఒక్క లైనే చూస్తుంది, బీమ్ కరెంట్ ఎక్కువ కావాలి, శాంపిల్ నున్నగా ఉండాలి, మీ అరిగిన ఉపరితలాలకి కుదరదు. నేనైతే ఆ డబ్బుకి మామూలు టంగ్‌స్టన్ ఫిలమెంట్ సెమ్, 30 కేవీది, ఎస్‌డీడీతో తీసుకుంటా. ఫిలమెంట్ ఓ వంద గంటలకి కాలిపోతుంది, మార్చడం మీ ల్యాబ్ పిల్లలే నేర్చుకోవాలి, ఇబ్బందే కానీ భరించొచ్చు.

తర్వాతి డెమోకి మీ పూతతో పాటు స్వచ్ఛమైన మాలిబ్డినం రేకు ముక్క, ఒక పైరైట్ (ఇనుము, సల్ఫర్ ఉండే ఖనిజం) ముక్క కూడా పట్టుకెళ్ళండి. మూడూ ఒకే సెట్టింగ్‌లో తీయించి, రిపోర్ట్ కాకుండా స్పెక్ట్రమ్ ఫైళ్లే అడిగి తీసుకోండి. ఇక్కడ పెడితే నేనూ చూస్తాను.