గోపాల్‌పూర్ లాడ్జిలో చెమ్మ వాసన, పడిపోతున్న రేటింగు: సలహా కావాలి

ఒడిశాలోని గంజాం జిల్లా గోపాల్‌పూర్ తీరాన మేము నడుపుతున్న 9 గదుల లాడ్జికి జూన్‌లో 4.3 ఉన్న గూగుల్ రేటింగు అక్టోబరు చివరికి 3.6కు పడిపోయింది. గది ఖాళీ చేసేటప్పుడు అంతా బాగుందని చెప్పినవారే, ఊరికి వెళ్లాక దుప్పట్లు చెమ్మ వాసన వేస్తున్నాయని రాస్తున్నారు. దసరాకు వచ్చిన బెంగాలీ కుటుంబాలలో మూడు ఇదే రాశాయి. వారి మాట నిజమే, ఉతికి ఆరేసిన దుప్పటి మడత విప్పితే నాకూ ఆ వాసన తగులుతోంది.

సముద్రం వైపు గోడలకు రెండుసార్లు రంగు వేయించాము, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించాము, ప్రతి ఫిర్యాదుకూ క్షమాపణ రాశాము. అద్దె 200 రూపాయలు తగ్గించినా బుకింగులు పెరగలేదు. మాకన్నా ఎక్కువ తీసుకునే పక్క లాడ్జి మాత్రం నిండుతోంది.

ఉప్పుగాలి తగిలే చోట బస నడిపేవారు, గదుల్లోనూ దుప్పట్లలోనూ చెమ్మ వాసన నిలవకుండా ఏ పద్ధతి పాటిస్తున్నారో దయచేసి చెప్పగలరా?