థెరెసా మే శాంతిభద్రతల రికార్డులో ఏది ఆమె ఖాతాలో వేయాలి?

నీలిసిరా (ప్రశ్న)

నమస్కారం. నేను రాజనీతిశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. 2017 జూన్ 8న జరిగిన బ్రిటన్ సార్వత్రిక ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీని నడిపించిన థెరెసా మే మీద ఒక సెమినార్ పత్రం సిద్ధం చేస్తున్నాను. ప్రధాని కాకముందు ఆమె 2010 మే నుంచి 2016 జూలై వరకు హోం మంత్రిగా పనిచేశారు కనుక, మెచ్చుకోవడానికైనా తప్పుపట్టడానికైనా కావలసినంత సరుకు దొరుకుతుందని అనుకున్నాను. తీరా చదవడం మొదలుపెట్టాక తల తిరిగింది. ఆమె హయాంలో నేరాలు దాదాపు మూడో వంతు తగ్గాయని ఆమె పక్షం వారు లెక్కలు చూపుతున్నారు. అదే కాలంలో దాదాపు ఇరవై వేల మంది పోలీసు అధికారులు తగ్గిపోయారని ప్రత్యర్థులు లెక్కలు చూపుతున్నారు. రెండూ ప్రభుత్వ లెక్కలే.

ఒక అభ్యర్థి శాంతిభద్రతల రికార్డు అన్నప్పుడు అందులో ఏది నిజంగా ఆ మనిషి నిర్ణయం, ఏది ఆ మనిషి పదవిలో ఉండగా దానంతట అది జరిగినది అన్నది ఎలా విడదీయాలి? ఆమె నేపథ్యం గురించీ, ఆ ఎన్నికల్లో ఆమె ప్రకటించిన విధానాల గురించీ కూడా తెలిసినవారు చెబితే మేలు.

పాతకాగితం

నీలిసిరా గారూ, నేపథ్యం క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అసలు జవాబు అక్కడ లేదు. ఆమె 1956లో ఈస్ట్‌బోర్న్‌లో పుట్టారు. తండ్రి ఆంగ్లికన్ చర్చిలో పురోహితుడు. ఆక్స్‌ఫర్డ్‌లో భూగోళశాస్త్రం చదివి, 1977 నుంచి ఆరేళ్లు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేశారు. 1986 నుంచి 1994 వరకు లండన్‌లోని మెర్టన్ కౌన్సిల్‌లో సభ్యురాలు. 1992లో నార్త్ వెస్ట్ డర్హమ్‌లోనూ, 1994 ఉప ఎన్నికలో బార్కింగ్‌లోనూ ఓడిపోయి, చివరికి 1997లో, అంటే సొంత పార్టీ దేశమంతటా చిత్తుగా ఓడిన ఏడాదే, మెయిడెన్‌హెడ్ నుంచి గెలిచారు. న్యాయవాది కారు, పోలీసు శాఖతో పూర్వ సంబంధం లేదు. 2002లో పార్టీ నిర్వహణ బాధ్యతలు చూసే చైర్మన్‌గా, జనం మనల్ని దుష్టుల పార్టీ అంటున్నారని సొంత మహాసభలోనే చెప్పి కార్యకర్తలను నొప్పించారు. ఎదుట కూర్చున్నవారికి ఇష్టంలేని మాటను వారి ముందే చెప్పడం ఆమెకు అప్పటినుంచే ఉన్న అలవాటు. పోలీసుల విషయంలో అది మళ్లీ కనబడుతుంది.

ఇక పదవి సంగతి. హోం మంత్రి అనగానే బలగాన్నంతా ఒక ఫోన్‌కాల్‌తో కదిలించే పదవి అనుకుంటాం. ఇంగ్లండ్, వేల్స్‌లలో అలా కాదు. అక్కడ 43 ప్రాంతీయ పోలీసు దళాలు ఉన్నాయి. ఎవరిని అరెస్టు చేయాలి, ఏ వీధిలో గస్తీ పెట్టాలి అన్నది ఆయా దళాల అధిపతులైన చీఫ్ కానిస్టేబుళ్ల నిర్ణయం, అందులో మంత్రి వేలు పెట్టకూడదు. స్కాట్లండ్, ఉత్తర ఐర్లండ్ పోలీసు వ్యవస్థలు ఆమె పరిధిలోకే రావు. మంత్రి చేతిలో ఉండేవి కేంద్ర గ్రాంటు, చట్టాలు, జీతభత్యాల నిబంధనలు, తనిఖీ వ్యవస్థ. కాబట్టి ఫలానా ఊళ్లో దొంగతనాలు తగ్గాయా అన్నది ఆమె రికార్డు కాదు, గ్రాంటు ఎంత ఇచ్చారు, ఏ చట్టం తెచ్చారు అన్నది ఆమె రికార్డు. మీ పత్రాన్ని ఈ గీత మీద నిలబెడితే సగం చిక్కు విడిపోతుంది.

ఆ గీతకు లోపల ఆమె చేసినవాటిలో పెద్దది దళాలను పర్యవేక్షించే పోలీసు కమిషనర్లను ప్రజలే ఎన్నుకునే ఏర్పాటు. 2011 చట్టం ప్రకారం 2012 నవంబరులో 41 ప్రాంతాల్లో ఎన్నికలు జరిగాయి. పోలింగు 15 శాతం దగ్గరే ఆగిపోయింది. పోలీసులను ప్రజలకు జవాబుదారీ చేస్తామని తలపెట్టిన పనికి ప్రజలే రాలేదన్నమాట.

అంకెలపిచ్చి

పాతకాగితం గారు గీసిన గీతతో నాకు పేచీ లేదు. లెక్కల విషయం కొంచెం విడమరిచి చెబుతాను, ఎందుకంటే నీలిసిరా గారు చెప్పిన రెండు లెక్కలూ నిజమే, అవి రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

పోలీసుల సంఖ్య తేలిక. 2010 మార్చి చివరికి ఇంగ్లండ్, వేల్స్‌లలో సుమారు 1,44,000 మంది అధికారులు ఉండేవారు. 2016 మార్చికి సుమారు 1,24,000 మంది మిగిలారు. 2010 అక్టోబరు వ్యయ సమీక్షలో కేంద్ర పోలీసు గ్రాంటును నాలుగేళ్లలో వాస్తవ విలువలో 20 శాతం తగ్గించాలని నిర్ణయించారు. ఆ కోత ఖజానా మంత్రి పొదుపు పథకంలో భాగమే అయినా, దానికి ఒప్పుకుని, సమర్థించి, అమలు చేసింది హోం మంత్రే. ఇది నూటికి నూరుపాళ్లు ఆమె ఖాతాలోదే.

నేరాల సంఖ్య అలాంటిది కాదు. మూడో వంతు తగ్గాయన్నది ఇంటింటి నేర సర్వే మాట. సర్వే చేసేవారు ఒక ఇంటి తలుపు తట్టి, గత పన్నెండు నెలల్లో మీ ఇంట్లో దొంగలు పడ్డారా, మీ సైకిల్ పోయిందా, మిమ్మల్ని ఎవరైనా కొట్టారా అని వరసగా అడిగి రాసుకుంటారు. పోలీసులకు ఫిర్యాదు చేయని నేరాలు కూడా ఇందులోకి వస్తాయి కనుక ఇది మంచి పద్ధతే. అయితే హత్యకు గురైన మనిషి తలుపు తీసి జవాబు చెప్పడు. కత్తిపోటు వంటి అరుదైన, తీవ్రమైన నేరాలు ఈ వలకు సరిగ్గా చిక్కవు. అంతకన్నా ముఖ్యం, ఈ సర్వే అంచనా 1995లో దాదాపు కోటీ తొంభై లక్షల దగ్గర శిఖరానికి చేరి అక్కడినుంచి దిగుతూ వచ్చింది. ఆమె మంత్రి అయ్యేనాటికే అది సుమారు 95 లక్షలకు పడిపోయింది, 2017 మార్చితో ముగిసిన ఏడాదికి 59 లక్షలకు వచ్చింది. పదిహేనేళ్లుగా వాలులో దొర్లుతున్న బండి మీద మధ్యలో ఎక్కి కూర్చున్నవారు ఈ వేగమంతా నాదే అంటే ఎలా ఒప్పుకుంటాం? పైగా ఆన్‌లైన్ మోసాలను, కంప్యూటర్ నేరాలను కూడా కలిపి లెక్కిస్తే అదే ఏడాది అంచనా 59 లక్షలు కాదు, దాదాపు కోటీ పది లక్షలు. నేరం కొంత వీధిలోంచి ఫోన్‌లోకి మారింది, సర్వేలో దాని గురించిన ప్రశ్నలు చేరింది 2015లోనే.

మరి పోలీసులు నమోదు చేసిన లెక్కలు చూద్దామా అంటే వాటి కథ వేరు. 2014 జనవరిలో నమ్మదగిన లెక్కలని వాటికున్న జాతీయ గణాంకాల గుర్తింపునే తీసేశారు. అదే ఏడాది తనిఖీ సంస్థ, పోలీసుల దాకా వచ్చిన నేరాల్లో 19 శాతం అసలు నమోదే కావడం లేదని తేల్చింది. ఆ తరువాత నమోదు మెరుగుపడటంతో సంఖ్యలు పెరిగాయి, ఆ పెరుగుదలలో కొంత కాగితం మీదిది, కొంత నిజమైనది. 2014 తరువాత కత్తి నేరాలు పెరగడం మాత్రం నిజమైనదేనని నేను నమ్ముతాను.

కిటికీపక్క

2017లో నేను బ్రిటన్‌లో చదువుకుంటున్నాను. కామన్‌వెల్త్ దేశాల పౌరులు అక్కడ చట్టబద్ధంగా నివసిస్తుంటే పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు కనుక నా పేరుతోనూ ఓటరు కార్డు వచ్చింది. దాంతోపాటు తలుపు కింద నుంచి ఒక కరపత్రం జారవిడిచి వెళ్లారు. అందులో థెరెసా మే పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, పార్టీ పేరు మాత్రం వెతికితే గానీ కనబడలేదు. స్ట్రాంగ్ అండ్ స్టేబుల్ అన్న మాట రెండు వైపులా అచ్చయి ఉంది. అంటే ఆ ఎన్నికను పార్టీ కన్నా ఆమె వ్యక్తిత్వం మీద పోటీగా మలిచినది ఆమె పక్షమే. కాబట్టి ఆమె పదవికి ఉన్న పరిమితులను ఇప్పుడు సాకుగా చూపడం నాకు అంత సబబుగా తోచదు, పాతకాగితం గారు మన్నించాలి.

ప్రచారం సగంలో ఉండగా మే 22న మాంచెస్టర్‌లో 22 మంది, జూన్ 3న లండన్ బ్రిడ్జి దగ్గర 8 మంది ఉగ్రవాద దాడుల్లో చనిపోయారు. అప్పుడు బయటికి వచ్చింది పాత ప్రసంగం. 2015 మేలో పోలీసుల ప్రతినిధి సంఘమైన పోలీసు ఫెడరేషన్ మహాసభలో ఆమె, కోతల వల్ల ప్రజల భద్రత దెబ్బతింటుందని అంటున్న పోలీసులను ఉద్దేశించి, మీరు నాన్నా పులి అని అరవడం ఆపాలి అన్న అర్థంలో మాట్లాడారు. అంతకు ముందు ఏడాది అదే వేదిక మీద, మీరు మారకపోతే చట్టం చేసి నేనే మారుస్తాను అని, ఫెడరేషన్‌కు ప్రభుత్వ నిధులు ఆపేస్తున్నట్టు ప్రకటించారు. ఎదుట కూర్చున్నవారి నుంచి చప్పట్లు రాలేదు. నిజానికి ఆ రెండు ప్రసంగాల్లో 2014 నాటిదాన్ని నేను మెచ్చుకుంటాను. శాంతిభద్రతల పార్టీ అనిపించుకునే పార్టీ మంత్రి, పోలీసుల తప్పులను పోలీసుల ముఖం మీదే చెప్పడం మాటలు కాదు. 2015 నాటిదాంట్లో మాత్రం చెప్పినవారిదే పొరపాటు, కథలో చివరికి పులి నిజంగానే వస్తుందని ఆమె మరిచిపోయారు.

ఇంకొక విషయం ఎవరూ ఎత్తలేదు. ఉగ్రవాద అనుమానితులను కోర్టు విచారణ లేకుండానే ఇళ్లకు కట్టడి చేసే 2005 నాటి ఆదేశాలను 2011లో ఆమె రద్దుచేసి, వాటి స్థానంలో మెత్తటి చట్టం తెచ్చారు. అనుమానితుణ్ణి వేరే ఊరికి తరలించే అధికారం అందులో లేదు. 2015లో ఆ అధికారాన్ని ఆమే తిరిగి చేర్చారు. 2017 జూన్‌లో, దాడుల తరువాత, మానవ హక్కుల చట్టాలు అడ్డొస్తే వాటినే మారుస్తామన్నారు. ఆమె రికార్డులో నాకు అన్నిటికన్నా ఆసక్తికరమైనది ఈ మూడు మెట్లే.

మాలాంటి విద్యార్థులకు ఆమె పేరు మరో కారణంగా గుర్తు. చదువు అయ్యాక రెండేళ్లు ఉండి ఉద్యోగం చేసుకునే వీసాను 2012 ఏప్రిల్‌లో మూసేసింది ఆమె శాఖే. నికర వలసను ఏటా లక్ష లోపుకు తెస్తామన్న హామీ 2017 మానిఫెస్టోలో కూడా ఉంది, హోం మంత్రిగా ఆమె దాన్ని ఒక్క ఏడాది కూడా అందుకోలేదు.

నీలిసిరా

అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. దారిన పోయేవారిని ఆపి సోదా చేసే అధికారాన్ని ఆమె బాగా తగ్గించారని చదివాను. కత్తి నేరాలు పెరగడానికి అదే కారణమని కొందరు, అది ఆమె చేసిన అత్యుత్తమ పని అని కొందరు అంటున్నారు. ఇది ఏ ఖాతాలో వేయాలి?

అంకెలపిచ్చి

నిర్ణయం ఆమె ఖాతాలో, ఫలితం ఇంకా వాదనలో. సోదాలు 2010–11లో 12 లక్షలకు పైగా జరిగాయి, 2016–17కు సుమారు 3 లక్షలకు తగ్గాయి. నల్లజాతి యువకులను మిగతావారికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఆపుతున్నారన్నది, ఆపినవారిలో అత్యధికుల దగ్గర ఏమీ దొరకడం లేదన్నది ఆమె 2014లో తెచ్చిన సంస్కరణకు మూలం. అయితే తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. సోదాలు 2011 తరువాత నుంచే తగ్గుతూ వచ్చాయి, కత్తి నేరాలు మాత్రం ఆ తరువాత కొన్నేళ్ల దాకా పెరగలేదు. సోదాలే కారణమైతే ఆ మధ్య కాలం ఎందుకు నిశ్శబ్దంగా ఉందో చెప్పాలి. అదే సమయంలో గస్తీ పోలీసులు, యువజన కేంద్రాల నిధులు కూడా తగ్గాయి కనుక ఒక్క దారాన్ని పట్టుకుని లాగితే ముడి విడిపోదు.

పాతకాగితం

కిటికీపక్క గారి ఆక్షేపణ సబబే. వ్యక్తి పేరు మీద ఓటు అడిగినప్పుడు ఆ వ్యక్తి పూర్తి లెక్క చెప్పాలి, నేను గీసిన గీతను సమర్థనగా కాక కొలబద్దగా మాత్రమే చూడండి.

విధానాల గురించి అడిగారు కనుక మానిఫెస్టో సంగతి. భద్రత విషయంలో తీవ్రవాద భావజాలాన్ని ఎదుర్కొనే ఒక కమిషన్, గృహహింస మీద కొత్త చట్టం, తీవ్రమైన మోసాల దర్యాప్తు సంస్థను జాతీయ నేర సంస్థలో కలిపేయడం అందులోని ముఖ్యమైన హామీలు. పోలీసుల సంఖ్య పెంచుతామన్న మాట లేదు. ఆ చోటును లేబర్ పార్టీ పది వేల మంది కొత్త పోలీసుల హామీతో ఆక్రమించింది. దాని ఖర్చు ఎంతో చెప్పలేక ఆ పార్టీ తరఫున హోం వ్యవహారాలు చూస్తున్న డయాన్ అబట్ మే 2న ఒక రేడియో ఇంటర్వ్యూలో తడబడ్డారు, నెల తిరిగేసరికి ఆ తడబాటును జనం మరిచిపోయి, తగ్గిన ఇరవై వేల పోలీసుల సంఖ్యనే గుర్తుపెట్టుకున్నారు.

మీ పత్రం భద్రతకే పరిమితం గనుక మిగతావి విస్తరించను. విద్యుత్, గ్యాస్ ధరలకు పరిమితి పెట్టడం వంటివి చూస్తే ఆమెది విపణిని పూర్తిగా నమ్మే సంప్రదాయవాదం కాదని తెలుస్తుంది. వృద్ధుల సంరక్షణ ఖర్చును వారి ఇంటి విలువ నుంచి రాబట్టే ప్రతిపాదనను మే 18న ప్రకటించి, నాలుగు రోజులకే, సరిగ్గా మాంచెస్టర్ దాడి జరిగిన రోజునే, ఖర్చుకు గరిష్ఠ పరిమితి పెడతామని సవరించుకున్నారు. ఎన్నికల్లో తగిలిన ఎదురుదెబ్బకు చాలామంది చూపే కారణం అదే. కన్సర్వేటివ్‌ల సీట్లు 330 నుంచి 317కు తగ్గి సాధారణ మెజారిటీ పోయింది. ఆ తగ్గుదలలో సంరక్షణ ఖర్చు వాటా ఎంత, పోలీసు కోతల వాటా ఎంత అన్నది వేరుచేయడానికి మీరు ప్రయత్నించకండి, అది సెమినార్ పత్రంలో తేలేది కాదు. పోలీసుల సంఖ్య పట్టికను, గ్రాంటు పట్టికను, సోదాల పట్టికను మూడింటినీ ఒకే కాగితం మీద ఏడాదివారీగా వేసి, దాని పక్కన ఆమె ప్రసంగాల తేదీలు రాయండి. ఆ కాగితం సిద్ధమయ్యాక ఇక్కడ పెట్టండి, తప్పులుంటే చూసి చెబుతాం.