రెండు నెలలుగా సైకిల్ తొక్కుతున్నాడు, బరువు తగ్గలేదు. కష్టం వృథాయేనా?

ప్రశ్న (పర్లాకిమిడి, ఒక అమ్మ)

మా బాబుకి 14 ఏళ్ళు, 78 కేజీలు. మెడ వెనక నల్లబడితే మురికి అనుకుని సున్నిపిండి పెట్టి గట్టిగా రుద్దేదాన్ని. మంటకి ఏడ్చేవాడు, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. అది మురికి కాదు, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక వచ్చిందని డాక్టరుగారు చెప్పారు. అప్పటినుంచి రోజూ పొద్దున్నే మహేంద్రతనయ ఒడ్డు దాకా సైకిల్, 40 నిమిషాలు. నిన్న బరువు చూస్తే 77.5. ఇంక తొక్కనని సైకిల్ గోడకి ఆనించేశాడు. ఏం చెప్పను?

జవాబు (బరంపురం, పీఈటీ మాస్టారు)

అమ్మా, బరువు మిషన్ పక్కన పెట్టి వాడి స్కూలు బెల్టు చూడండి. ఈ వయసులో ఎత్తు, కండ పెరుగుతుంటాయి కాబట్టి బరువు కదలకపోవచ్చు. బరువు కదలకపోయినా పొట్ట లోపలి కొవ్వు, కాలేయంలో చేరిన కొవ్వు తగ్గుతాయి. ఇన్సులిన్ పనికి అడ్డుపడేది ముఖ్యంగా అవే. పైగా యుక్తవయసులో ఇన్సులిన్ పట్టు మామూలుగానే కొంత సడలుతుంది, అందులో వాడి తప్పేం లేదు.

తొక్కేటప్పుడు తొడ కండరాలు బిగిసి వదులుతుంటాయి కదా, అప్పుడు గ్లూట్4 అనే ప్రొటీన్లు కణం అంచుకి వచ్చి రక్తంలోని చక్కెరని లోపలికి తీసుకుంటాయి. దీనికి ఇన్సులిన్ అవసరమే లేదు. దిగాక కూడా ఒకటి రెండు రోజులు ఆ కండ ఇన్సులిన్ మాట బాగా వింటుంది. ఆ తర్వాత మళ్ళీ మామూలే. అందుకే ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు తొక్కడం కన్నా రోజూ తొక్కడం మేలు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మిగతా 20 సాయంత్రం ఆటలో వచ్చేస్తాయి. దయచేసి మాన్పించకండి.

జవాబు (గుణుపురం)

అక్కా, మా పాప పరుగు అయ్యాక నేరుగా బరా ఘుగుని (గారెలు, బఠాణీ కూర) బండి దగ్గర ఆగేది. తిట్టలేదు, ఇంట్లోనే ఉడికించిన శనగలు సిద్ధంగా ఉంచాను. వాడు తిరిగొచ్చాక ఏం తింటున్నాడో కూడా చూడండి.

ప్రశ్న అడిగిన అమ్మ

మాస్టారూ, చూశాను. బెల్టు మీద రెండో కన్నం దగ్గర పాత గీత పడి ఉంది. ఇప్పుడు నాలుగో దానికి పెడుతున్నాడు. వాడికే చూపించాను. ఏం మాట్లాడలేదు. కాసేపాగి, టైర్లలో గాలి కొట్టించుకొస్తానని పది రూపాయలు అడిగాడు.