పాటలో ఉన్న మాట నా నోట వస్తే తప్పా?

నల్గొండ_టు_డల్లాస్:
ఎం.ఎస్.కు వచ్చి ఏడాదిన్నర అయింది. మొన్న శనివారం నలుగురం కార్లో పోతున్నాం. అందులో నా ప్రాజెక్టు పార్ట్‌నర్ నల్లజాతి అమెరికన్. ర్యాప్ పాట వస్తుంటే నేనూ అందుకున్నా, నల్లజాతి వాళ్లను తిట్టే ఆ 'ఎన్' మాటతో సహా. అతను పాట ఆపేశాడు. తిట్టలేదు. "ఆ ఒక్క మాట వదిలేసి పాడు" అన్నాడంతే. పాటలో పదిసార్లు ఉంది కదా, నేనంటే తప్పేంటి? నేనూ నల్లగానే ఉన్నా!

అచ్చంపేట_అన్న:
తమ్మీ, నల్లగా ఉండటం వేరు, ఆ మాట పడటం వేరు. వాళ్ల తాతముత్తాతలను సంతలో అమ్మిన రోజుల్లో పిలిచిన పిలుపు అది. నా సంగతి చెప్తా. మా నాయనను ఊర్లో పేరుతో పిలిచినోళ్లు తక్కువ, 'మాదిగోడా' అనే. 1994లో మాదిగ దండోరా ఉద్యమం మొదలయ్యాక మంద కృష్ణ పేరు చివర మాదిగ అని గర్వంగా పెట్టుకున్నారు. 2025లో పద్మశ్రీ జాబితాలో కూడా ఆ పేరు అలాగే పడింది. ఆ ఊపులోనే నా పెళ్లి పత్రికలో నా పేరు చివర కులం వేయించా. నాయన వణికిపోయాడు, "పత్రిక పంచేది నేను రా" అన్నాడు. ఇప్పుడు ఆఫీసులో ఒక సారు "ఏం మాదిగా, టీ తాగుదామా" అంటాడు, నవ్వుతూనే. నువ్వే పెట్టుకున్నావు కదా అని ఆయన లెక్క. రెడ్డికి 'గారు' దానంతటదే వచ్చి చేరుతుంది, నా పేరుకు ఇంతవరకు చేరలేదు.

మిర్యాలగూడ_టీచరమ్మ:
అమెరికాలో ఆ 'ఎన్' మాటకూ చివరి అక్షరం దగ్గరే పంచాయితీ. 'ర్' తో ముగిస్తే తిట్టు, 'అ' తో ముగిస్తే వాళ్లలో వాళ్లకు చనువు. బయటివాళ్లకు మాత్రం రెండూ వద్దంటారు. మనకు అట్లా కుదరదు, స్కాలర్‌షిప్ ఫారంలో కులం పేరు రాయక తప్పదు. ఒకసారి క్లాసులో ఫారాలు పంచుతూ కులాలు పైకి చదివాను. ఒక పిల్ల తల ఎత్తలేదు. తిట్టలేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నా, కానీ ఆ తర్వాత ఒక్కొక్కరినే స్టాఫ్‌రూమ్‌కు పిలుస్తున్నా.

పాలమూరు_బస్సు:
మాకు ఊరి పేరే తిట్టు. దేశమంతా డ్యాములకు మట్టి మోసిన 'పాలమూరు లేబర్' కదా. మా వాట్సాప్ గ్రూపుకు ఆ పేరే పెట్టుకున్నాం. హాస్టల్లో రూమ్మేట్ అది చూసి "ఏయ్ లేబర్" అన్నాడు. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. గ్రూపు పేరు మాత్రం మార్చలేదు.

లా_పాయింట్:
కులం మాట ఎవరనొచ్చో 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కొంత తేల్చింది. అన్నవాడు ఎస్సీ, ఎస్టీ కాకూడదు, నలుగురి కంటపడే చోట కులం పేరుతో దూషించి ఉండాలి. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అయితే ఆ సెక్షన్ వర్తించదని 2020లో హితేశ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అచ్చంపేట_అన్న:
మరి ఎస్సీల్లోనే ఇంకో కులం వాడు ఎగతాళిగా అంటే? కేసు కాదు, సరే. నాకు మాత్రం అదే ఎక్కువ గుచ్చుకుంది.

హుజూర్‌నగర్_88:
ఈ 'మన మాట మనం వాడుకోవడం' నాకు మొదటినుంచీ నచ్చదు. 2007లో డెట్రాయిట్‌లో నల్లజాతి వాళ్ల హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ వాళ్లు ఆ 'ఎన్' మాటకు శవపేటిక పెట్టి ఊరేగించి పాతిపెట్టారు. మా వాడలో పిల్లలు సరదాకి అనుకుంటారు, పక్క బజారు పిల్లలు నేర్చుకుని పోతారు. తర్వాత ఎవరిని ఆపుతాం?

అచ్చంపేట_అన్న:
పాతిపెడితే ఏమైంది, డల్లాస్ కార్లో లేచి కూర్చుంది కదా! పాతరేసే హక్కైనా వదిలేసే హక్కైనా పడ్డోళ్లదే అన్నా. మా నాయన ఒప్పుకోడు, ఆయన మీ జట్టే.

నల్గొండ_టు_డల్లాస్:
నిన్న మళ్లీ అదే పాట వచ్చింది. ఆ మాట దగ్గర ఆగిపోయా. అతను నా వైపు చూడలేదు, సౌండ్ పెంచాడు.