రెండేళ్లు బీరువాలో ఉంచితే ఎస్‌ఎస్‌డీలో డేటా ఉంటాదా, పోతాదా?

సోంపేట ప్రయాణం
అన్నలందరికీ నమస్తే. వచ్చే నెల ఖతార్ వెళ్తన్నాను, కాంట్రాక్టు రెండేళ్లు. మూడేళ్ల ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంచేస్తన్నాను. లోపల 512 జీబీ ఎన్‌వీఎంఈ రకం ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే డిస్క్ లేకుండా చిప్పుల్లో డేటా దాచేది. ఇంటి ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, నా సర్టిఫికెట్లు అన్నీ అందులోనే. కరెంటు ఇవ్వకపోతే ఎస్‌ఎస్‌డీ ఏడాదికే ఖాళీ అయిపోతాదని ఒక వీడియోలో చెప్పారు. నిజమేనా? లేకపోతే స్లీప్‌లో పెట్టి ఛార్జర్ తగిలించి వెళ్లిపోనా?

పలాస హార్డ్‌వేర్
ముందు స్లీప్ సంగతి. అలగ వద్దు తమ్ముడూ. స్లీప్‌లో తెరిచి ఉన్న పనంతా ర్యామ్‌లోనే, అంటే తాత్కాలిక మెమరీలోనే ఉంటాది. ర్యామ్‌లో ఒక్కో బిట్టు ఒక చిన్న కెపాసిటర్లో దాచిన ఛార్జి. అది కారిపోతానే ఉంటాది కాబట్టి 64 మిల్లీసెకన్లకోసారి మళ్లీ నింపాలి. కరెంటూ బ్యాటరీ రెండూ పోతే అంతా చెరిగిపోతాది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రోజులు కరెంటు లేదో నీకూ తెలుసు, ఏ బ్యాటరీ ఆగుతాది? పైగా రెండేళ్లు నూరు శాతం ఛార్జి మీదే ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం.

ఎస్‌ఎస్‌డీ అలాటిది కాదు. ఛార్జి ఇన్సులేటర్ పొరల మధ్య చిక్కుకుని ఉంటాది, కరెంటు లేకపోయినా నిలుస్తాది. దిగులు పడకు.

కోట జంక్షన్
దిగులు పడొద్దని అంత తేలిగ్గా ఎలా చెప్తారండీ? చిప్పుల కంపెనీల సంఘం జెడెక్ పెట్టిన ప్రమాణం జేఈఎస్‌డీ218 తీసి చూడండి. మామూలు ల్యాప్‌టాప్ ఎస్‌ఎస్‌డీకి కరెంటు లేకుండా 30 డిగ్రీల దగ్గర ఒక్క ఏడాది. సర్వర్ డ్రైవులకైతే 40 డిగ్రీల దగ్గర మూడు నెలలే. ఇది యూట్యూబ్ మాట కాదు, తయారీదారులు కూర్చుని రాసుకున్న అంకె. మే నెలలో విజయనగరంలోనైనా సోంపేటలోనైనా మూసిన గదిలో 30 డిగ్రీలు ఎక్కడుంటాయి? 1 టీబీ బయటి హార్డ్ డిస్క్ కొని అందులో వేసేసి వెళ్లు బాబూ. అయస్కాంతం అలా కారిపోదు.

నాగావళి
కోట జంక్షన్ గారూ, అంకెలు సరైనవే, వాటి వెనకున్న షరతు వదిలేశారు. ఆ ఏడాది లెక్క కొత్త డ్రైవుది కాదు. కంపెనీ హామీ ఇచ్చిన రాతల కోటా, అంటే టీబీడబ్ల్యూ, మొత్తం వాడేశాక ఆ అరిగిన డ్రైవు కనీసం ఎంతకాలం నిలబడాలో చెప్పే లెక్క అది. ఛార్జి దాచే చిన్న అరలో, అంటే సెల్‌లో, రాసి చెరిపిన ప్రతిసారీ ఇన్సులేటర్ పొర కొంచెం దెబ్బతింటుంది, ఆ దెబ్బల గుండానే తర్వాత ఛార్జి జారిపోతుంది. అరగని డ్రైవులో ఆ దారులు తక్కువ. 512 జీబీ టీఎల్‌సీ (ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచే రకం) డ్రైవుకి సాధారణంగా 300 టీబీ దాకా హామీ ఉంటుంది. మూడేళ్ల ఇంటి వాడకంలో అందులో పదో వంతు కూడా దాటకపోవడం మామూలే. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాం పెట్టి ‘టోటల్ హోస్ట్ రైట్స్’ (ఇప్పటిదాకా రాసిన మొత్తం), ‘హెల్త్’ శాతం రెండూ చూడు తమ్ముడూ. హెల్త్ 90 పైన ఉంటే ఆ ఏడాది హెచ్చరిక నీ డ్రైవుకి వర్తించదు.

వేడి విషయంలో మాత్రం ఆయన మాటే నా మాట. అదే ప్రమాణం వెనకున్న లెక్కల ప్రకారం, ఉంచిన చోట ఐదు డిగ్రీలు పెరిగితే నిలిచే కాలం సుమారుగా సగానికి పడిపోతుంది. కాబట్టి ఎంతకాలం అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. రేకుల కప్పు కింద ఇనుప బీరువా వద్దు, అటక అసలే వద్దు. లోపలి గదిలో, ఎండ తగలని గోడవైపు, కింది అరలో పెట్టించు. సముద్రం దగ్గర ఊరు కాబట్టి మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టు. బీరువాలో కలరా ఉండలు ఉంటే తీసేయించు, ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది.

డేటా పోవడం కూడా ఒక్కసారిగా జరగదు. టీఎల్‌సీలో ఒక సెల్‌కి 8 ఛార్జి మెట్లు, నాలుగు బిట్లు దాచే క్యూఎల్‌సీలో 16. ఛార్జి కొంచెం తగ్గినా పక్క మెట్టులా కనబడుతుంది. ఆ తప్పుల్ని డ్రైవులోని కంట్రోలర్ చిప్పు దిద్దుకుంటూ చదువుతుంది కాబట్టి ముందు వేగం పడిపోతుంది. 2014లో శాంసంగ్ 840 ఈవో అనే ఎస్‌ఎస్‌డీలో పాత ఫైళ్లు నత్తనడక నడిచింది అందుకే. ఫర్మ్‌వేర్ (డ్రైవు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి సరిచేశారు. దిద్దుబాటుకి అందనంత తప్పులైనప్పుడే ఫైలు పోయేది.

పలాస హార్డ్‌వేర్
అయితే మూడు నెలలకోసారి ఇంట్లో ఎవరినైనా గంటసేపు ఆన్ చెయ్యమంటే సరిపోద్ది కదా, తనంతట తానే తాజా చేసుకుంటాది.

నాగావళి
అదే నమ్మొద్దంటున్నాను. ఆన్ చెయ్యగానే పాత డేటాని వెతికి తిరిగి రాసే పని ఫర్మ్‌వేర్ ఇష్టం. కొన్ని చేస్తాయి, కొన్ని చెయ్యవు, ఏది చేస్తుందో పెట్టె మీద ఉండదు. ఫైళ్లని పూర్తిగా చదివించాలి. చదివినప్పుడు తప్పులు ఎక్కువగా కనబడిన బ్లాకుని కంట్రోలర్ వేరే చోట రాసుకునే అవకాశం ఉంటుంది, ఫైలు పాడైతే నీకూ తెలుస్తుంది. ముఖ్యమైనవన్నీ 7-జిప్ అనే ప్రోగ్రాంతో ఒక ఆర్కైవ్‌గా, అంటే ఒకే ఫైలుగా, చుట్టి పెట్టు. ఇంట్లోవాళ్లు ఆరు నెలలకోసారి దాని మీద రైట్ క్లిక్ చేసి ‘టెస్ట్ ఆర్కైవ్’ నొక్కితే చాలు, మొదటి నుంచి చివరి దాకా చదివి లెక్క సరిచూస్తుంది.

కోట జంక్షన్
కొత్త డ్రైవు ఎన్నేళ్లు నిలుస్తుందో ఏ కంపెనీ రాసి ఇవ్వదు, అది మాత్రం మర్చిపోకండి. రాసివ్వని హామీ మీద పొలం కాగితాలు పెట్టలేం. హార్డ్ డిస్క్ మాటకే నేను కట్టుబడి ఉన్నాను.

నాగావళి
హార్డ్ డిస్క్‌కి కూడా రాసివ్వరండీ. అయస్కాంతం నిలిచినా మోటారు పట్టేయొచ్చు, ఉప్పుగాలికి కనెక్టరు తుప్పు పట్టొచ్చు, చేతిలోంచి జారితే అంతే. రెండో కాపీగా కొనమనండి, ఒప్పుకుంటాను.

చీపురుపల్లి సర్వీస్
సెల్‌లో ఛార్జి గురించి ఇంత వాదన జరిగింది గానీ, ఏళ్ల తరబడి మూసి ఉంచిన ల్యాప్‌టాప్ ఇబ్బంది పెట్టేది ఎక్కువగా వేరే రెండు చోట్ల.

ఒకటి బ్యాటరీ. 50 శాతం దగ్గర ఆపి పెట్టు, ఆరు నెలలకోసారి మళ్లీ అక్కడికే తెప్పించు. పూర్తిగా దిగిపోయి అలాగే పడి ఉంటే మళ్లీ ఛార్జి ఎక్కకపోవచ్చు. ఆపేటప్పుడు షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టు. మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే విండోస్ కెర్నల్ (లోపలి ముఖ్య భాగం) హైబర్నేట్ అవుతుంది, అంటే తన స్థితిని డిస్క్‌లో దాచుకుంటుంది, పూర్తిగా ఆగదు.

రెండోది బిట్‌లాకర్, డిస్క్‌లో డేటాకి తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11 ల్యాప్‌టాపుల్లో చాలావాటికి డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అది దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బోర్డు మీద బిళ్ల బ్యాటరీ చచ్చి కొన్ని మోడళ్లలో బయోస్ (ఆన్ చెయ్యగానే ముందు నడిచే ప్రోగ్రాం) సెట్టింగులు మొదటికొస్తే, తాళం చెవి దాచే టీపీఎం చిప్పు దాన్ని ఇవ్వదు, 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే ఎస్‌ఎస్‌డీలో ఒక్క బిట్టు కూడా చెరగకపోయినా ఫొటోలు పోయినట్టే. కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్లో ఉంటుంది, కానీ రెండేళ్లు లాగిన్ కాకపోతే ఆ అకౌంటునే మూసే నిబంధన ఉంది. కీ ప్రింటు తీసి పట్టాదారు పాస్‌బుక్‌తో పాటు దాచు. తేదీ తప్పుగా చూపించి వెబ్‌సైట్లు తెరుచుకోకపోయినా కంగారు పడొద్దని ఇంట్లో చెప్పు, గడియారం సరిచేస్తే తెరుచుకుంటాయి.

సోంపేట ప్రయాణం
హెల్త్ 97 చూపిస్తంది, రాసింది 19 టీబీ. బిట్‌లాకర్ ఆన్‌లోనే ఉంది అన్నా, నాకు తెలీనే తెలీదు. హార్డ్ డిస్క్ బేగి కొంటాను, రేపే. ఇంట్లో 64 జీబీ పెన్‌డ్రైవ్ ఉంది, మూడో కాపీ అందులో వేసేద్దునా?

నాగావళి
పెన్‌డ్రైవ్‌లో కూడా ఫ్లాషే, సాధారణంగా తక్కువ రకం చిప్పులు, కంట్రోలర్ కూడా అంతంతమాత్రం. దాన్ని లెక్కలో వేసుకోకు. పొలం కాగితాలు, సర్టిఫికెట్లు కొన్ని వందల ఎంబీలే కదా, పాస్‌వర్డ్ పెట్టి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించుకో, ఖతార్ నుంచి నువ్వే చూసుకోవచ్చు. బీరువాలో పెట్టేముందు హార్డ్ డిస్క్ మీద కూడా ఆ ఆర్కైవ్‌ని ఒకసారి టెస్ట్ చెయ్యి.